కాకర పందిట్లో ఈగ బుట్టలు: కొన్ని పంటలు చూశాక

కాకర వేసేవాళ్లకు పండు ఈగ గురించి కొత్తగా చెప్పేదేముంది! కాయ పైకి పచ్చగానే ఉంటుంది, ఒకచోట నొక్కితే మెత్తగా దిగుతుంది, కోస్తే లోపల తెల్ల పురుగులు. పైన కొట్టిన మందు వాటికి తగలదు. అందుకే ఆత్మకూరు దగ్గర మా అర ఎకరం పందిరికి, లోపల ఎర పెట్టి ఈగలను లాగి పట్టే బుట్టలు కట్టడం మొదలుపెట్టాను, ఇప్పటికీ కడుతున్నాను.

మొదటి సీజన్ తలచుకుంటే మాత్రం ఆ దుకాణం మీద ఇంకా కోపమే. కాకరకు ఈగల ఎర కావాలని అడిగి మరీ తెచ్చాను. రోజులు గడిచినా బుట్టలు ఖాళీ, పందిరి కింద పిందెలు పసుపుబారి రాలుతున్నాయి. ఇదంతా మోసమని పీకేద్దామనుకుంటుంటే, పక్క ఊరి మామిడి రైతు ఒకాయన ఎర కవరు చూసి నవ్వాడు. "ఇది మా తోటకు పెట్టేది కదా తమ్మీ!" కవరు మీద మిథైల్ యూజినాల్ అని ఉంది. అది మామిడి, జామ మీద వాలే ఈగకు. కాకర, బీర, సొర, దోసలకు వచ్చే ఈగకు క్యూ లూర్ అనే వేరే ఎర కావాలి. దుకాణంలో నిలదీస్తే, "ఏదైనా ఈగే కదన్నా" అన్నాడు కౌంటర్ దగ్గరి పిల్లగాడు. అప్పటినుంచి కవరు చదవకుండా డబ్బు తీయను.

ఎర మార్చి బుట్ట కడుతుండగానే ఒక ఈగ వచ్చి రంధ్రం చుట్టూ తిరిగింది. సాయంత్రానికి అడుగున గోధుమరంగు ఈగలు, సన్న నడుముతో కందిరీగ పిల్లల్లా.

ఆ సంబరంలో అందరి దగ్గరా తెగ పొగిడాను, ఇప్పుడు కాస్త తగ్గించి చెప్పాలి. పడేవి మగ ఈగలే. గుడ్లు పెట్టే ఆడ ఈగ పక్క చేను నుంచి వస్తే బుట్ట ఏం చేయలేదు. పక్కన సొర వేసిన ఏడాది బుట్టలు నిండినా కాయలు పుచ్చాయి. పుచ్చులన్నీ ఏరి లోతుగా పూడ్చాకే అదుపులోకి వచ్చింది. లేదంటే లోపలి పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై లేస్తుంది. అన్నట్టు, కొన్ని ఎర చెక్కల్లోనే ఈగను చంపే మందు కలిపి ఉంటుంది, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

మందు ఖర్చు తగ్గింది కానీ పోలేదు, తెల్లదోమకు వేపనూనె కొడుతూనే ఉన్నా. మాది చిన్న చెలక, పుచ్చులు ఏరేది ఇంటివాళ్లమే, అమ్ముకునేది హన్మకొండ రైతుబజార్లో. అందుకే నాకు గిట్టుబాటైంది. కౌలుకు ఐదెకరాలు పట్టి అంతా కూలీలతో చేయించేవాళ్లకు ఇదే లెక్క వస్తుందని చెప్పలేను.