తప్పు లైసెన్సు ఎక్కడ దూరింది? స్కానర్, గిట్ చరిత్ర, బిల్డ్ మీద నిఘా: ఏది మేలు?

ప్రాజెక్టు ఎంఐటీ లైసెన్సుది, అంటే కోడ్‌ని దాదాపు ఎలాగైనా వాడుకోనిచ్చే లైసెన్సు. రిపోజిటరీలో (కోడ్ ఉండే చోటు, పొట్టిగా రిపో) 'లైసెన్స్' అనే ఫైలు ఒక్కటే ఉంది, అందులో ఉన్నదీ ఎంఐటీ టెక్స్టే. కానీ రిలీజ్ చేసిన టార్‌బాల్ (సోర్సంతా ఒకే మూటగా కట్టిన ఆర్కైవ్) విప్పి చూస్తే పక్కనే 'కాపీయింగ్' అని ఇంకో ఫైలు కనిపిస్తుంది. అందులో జీపీఎల్ (కోడ్‌ని పంచితే సోర్స్ కూడా ఇవ్వాలనే, ఎంఐటీ కంటే కఠినమైన లైసెన్సు) మూడో వెర్షన్ మొత్తం, పైన 2007 జూన్ 29 తేదీతో సహా. ఎవరు పెట్టారని టీములో అడిగితే ఎవరికి వారు నాకు తెలియదంటారు. వాళ్లు చెప్పేది నిజమే కావచ్చు కూడా.

ఇలాంటప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. లైసెన్స్ స్కానర్ (ఫైళ్లలో లైసెన్స్ టెక్స్ట్ వెతికే టూల్) నడపడం, గిట్ (కోడ్ మార్పులన్నీ నమోదు చేసే టూల్) చరిత్ర తవ్వడం, బిల్డ్ (సోర్స్ నుంచి ప్యాకేజీ తయారయ్యే పని) జరుగుతుండగా ఏ ఫైలు ఎక్కడ పుడుతోందో కనిపెట్టడం. చాలామంది ముందు స్కానర్ దగ్గరికే పరుగెత్తుతారు. అది రిపోర్టు ఇస్తుంది, రిపోర్టు పైవాళ్లకు పంపొచ్చు. నన్నడిగితే మొదటి అడుగు అది కాదు.

స్కానర్‌ని తక్కువ చేయడం లేదు. స్కాన్‌కోడ్ అనే స్కానర్‌కి ఒక ఫోల్డర్ అప్పజెబితే ఏ ఫైల్లో, ఎన్నో లైను నుంచి ఎన్నో లైను దాకా, ఏ లైసెన్సు, ఎంతవరకు సరిపోయింది అన్నీ చెబుతుంది. ఫాసాలజీ అనే ఇంకో స్కానర్‌లో నోమోస్ అనే భాగం ప్యాటర్న్‌లతో పట్టుకుంటే, మంక్ అనే భాగం అసలు లైసెన్స్ టెక్స్ట్‌తో పోల్చి చూస్తుంది. గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే మామూలు కమాండ్) వల్ల కాని పని ఇది. సీ భాష ఫైలు పైన కామెంట్‌లో ఉండే లైసెన్సులో ప్రతి లైను ముందూ ఒక నక్షత్రం గుర్తు (*) ఉంటుంది, లైన్లు ఎక్కడపడితే అక్కడ విరిగి ఉంటాయి. వాక్యం మొత్తం ఇచ్చి గ్రెప్ చేస్తే ఏమీ దొరకదు. స్కానర్ ఆ గుర్తుల్నీ ఖాళీల్నీ వదిలేసి మాటల్నే చూస్తుంది.

కానీ అది చెప్పేది "ఇక్కడ ఉంది" అని మాత్రమే. ఇక్కడికి ఎలా వచ్చిందో దానికి తెలియదు. పైగా దేన్ని స్కాన్ చేశామన్నదే అసలు సంగతి. పైన చెప్పిన కేసులో రిపోజిటరీని స్కాన్ చేస్తే అంతా శుభ్రంగా ఉందని వస్తుంది. గిట్‌హబ్ పేజీ పక్కన కనిపించే లైసెన్స్ పేరు కూడా అంతే. 'లైసెన్సీ' అనే టూల్ రిపో పై ఫోల్డర్‌లోని లైసెన్స్ ఫైలు చూసి చెప్పే మాట అది. బిల్డ్‌లో ఏం కలిసిందో దాని కంట పడదు.

ఇక గిట్ చరిత్ర. టెక్స్ట్ నిజంగా రిపోలో ఉంటే దీనికి మించింది లేదు. గిట్ లాగ్‌కి పెద్ద ఎస్ ఆప్షన్‌తో ఒక ముక్క ఇస్తే, ఆ ముక్క ఎన్నిసార్లుందన్న లెక్క మారిన కమిట్లన్నీ (కమిట్ అంటే నమోదైన ఒక్కో మార్పు) చూపిస్తుంది. ఇచ్చే ముక్క చిన్నదిగా, ఒకే లైన్లో ఇమిడేదిగా ఉండాలి. వాక్యం మొత్తం ఇస్తే మళ్లీ లైన్ల విరుపు దగ్గరే దెబ్బతింటాం.

ఇది బాగా పనికొచ్చే చోటు, జీపీఎల్‌ని ప్రచురించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చిరునామా. పాత జీపీఎల్ హెడర్లలో (ఫైలు పైన ఉండే లైసెన్స్ కామెంట్లలో) "కాపీ అందకపోతే ఈ చిరునామాకు రాయండి" అని ఉంటుంది. మొదట కేంబ్రిడ్జ్‌లోని 675 మాస్ అవెన్యూ, తర్వాత బోస్టన్‌లో 59 టెంపుల్ ప్లేస్, 2005 నుంచి 51 ఫ్రాంక్లిన్ స్ట్రీట్. 2024లో ఆ ఆఫీసు కూడా ఖాళీ చేశారు. ఆర్‌పీఎమ్ (లినక్స్‌లో ఒక రకం) ప్యాకేజీలు చేసేవాళ్లకు ఆర్‌పీఎమ్‌లింట్ అనే తనిఖీ టూల్ "చిరునామా తప్పు" అని గొణగడం బాగా అలవాటే. ఏ చిరునామా ఉందో చూస్తేనే ఆ హెడర్ ఏ కాలంలో కాపీ అయ్యిందో తెలిసిపోతుంది. టెంపుల్ ప్లేస్ అని కనిపిస్తే, 2005కు ముందటి ఏదో ఫైలు నుంచి ఎత్తుకొచ్చారన్నమాట. ఆ వీధి పేరునే గిట్‌కి ఇస్తే ఏ కమిట్‌లో లోపలికొచ్చిందో దొరుకుతుంది.

దొరికిన కమిట్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. గిట్ బ్లేమ్‌లో (ఒక్కో లైనును చివరిగా ఎవరు మార్చారో చూపే కమాండ్‌లో) కనిపించే పేరు ఆ టెక్స్ట్ రాసినవాళ్లది కాకపోవచ్చు. ఏదో లైబ్రరీని ఒక్కసారిగా తెచ్చి చేర్చిన మనిషిదో, ఫోల్డర్లు సర్దిన మనిషిదో అయ్యుంటుంది. అతన్ని పట్టుకుని నిలదీస్తే లాభం లేదు, అసలు లైబ్రరీ రిపోకి వెళ్లి అక్కడ మళ్లీ తవ్వాలి. ఇంకో చిక్కు: గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ సర్వర్ల మీద బిల్డ్‌లు నడిపే సేవలో) కోడ్ తెచ్చే చెకౌట్ స్టెప్ మామూలుగా ఒక్క కమిట్‌నే తెస్తుంది. అక్కడ ఏం వెతికినా అన్నీ ఆ చివరి కమిట్‌లోనే పుట్టినట్టు కనిపిస్తాయి. పూర్తి క్లోన్ (చరిత్రంతా ఉన్న కాపీ) లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

రిపోలో అసలు లేనే లేని ఫైలైతే? చరిత్ర ఎంత తవ్వినా మట్టే. మొదటి కేసు సరిగ్గా ఇదే.

ఆ కాపీయింగ్ ఫైలు పెట్టింది మనిషి కాదు, బిల్డ్ ఫైళ్లను తయారుచేసే గ్నూ ప్రాజెక్టు టూల్ ఆటోమేక్. మరేమీ చెప్పకపోతే అది ప్రాజెక్టును గ్నూ పద్ధతిలో చూస్తుంది, ఆ పద్ధతిలో కాపీయింగ్ అనే పేరుతో ఫైలు ఉండి తీరాలి. మనకున్న ఫైలు పేరు లైసెన్స్ కాబట్టి అది లెక్కలోకి రాదు. బిల్డ్ స్క్రిప్టు 'యాడ్ మిస్సింగ్' ఆప్షన్‌తో ఆటోమేక్‌ని పిలిచినా, ఆటోమేక్‌నే నడిపించే ఆటోరీకాన్ఫ్‌ని ఇన్‌స్టాల్ ఆప్షన్‌తో నడిపినా, లేని ఫైలు స్థానంలో తన దగ్గరున్న జీపీఎల్ మూడో వెర్షన్‌ని పెట్టేస్తుంది: మొదటి దారిలో దానికి ఒక సింబాలిక్ లింక్ (అసలు ఫైలు వైపు చూపే గుర్తు), రెండో దారిలో మామూలుగా కాపీ. మేక్ డిస్ట్ (టార్‌బాల్ కట్టే కమాండ్) చేసేసరికి లింకైనా అసలు ఫైలుగా మారి టార్‌బాల్‌లోకి ఎక్కుతుంది. దొంగచాటుగా చేస్తుందా అంటే అదీ కాదు. జీపీఎల్ మూడో వెర్షన్ వాడి కాపీయింగ్ ఫైలు పెడుతున్నానని, మీ లైసెన్స్ ఏదన్న అనుమానం రాకుండా ఆ ఫైలును మీ వెర్షన్ కంట్రోల్‌లో చేర్చుకోమని స్క్రీన్ మీదే చెబుతుంది. వందల లైన్ల బిల్డ్ లాగ్‌లో ఆ రెండు మూడు లైన్లు ఎవరు చదివారు?

దీన్ని పట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. కొత్తగా క్లోన్ చేసి, బిల్డ్‌లో ఒక్కో మెట్టు తర్వాత గిట్ స్టేటస్‌ని (కొత్తగా పుట్టిన, మారిన ఫైళ్లు చూపే కమాండ్‌ని) 'ఇగ్నోర్డ్' ఆప్షన్‌తో నడపండి. ఆ ఆప్షన్ మర్చిపోవద్దు. చాలా ప్రాజెక్టుల్లో ఇలా పుట్టే ఫైళ్ల పేర్లన్నీ గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోవద్దన్న ఫైళ్ల జాబితాలో) పడి ఉంటాయి, అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ కనపడవు. ఫలానా మెట్టు తర్వాత ఫైలు ప్రత్యక్షమైందని తెలిశాక ఎల్ఎస్ కమాండ్ పొడవాటి లిస్టింగ్ చూడండి. అది లింకైతే బాణం నేరుగా ఆటోమేక్ ఫోల్డర్ వైపు చూపిస్తుంది.

అలా తేలకపోతే ఎస్‌ట్రేస్, అంటే ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేసే పిలుపుల్ని రాసుకునే టూల్. చైల్డ్ ప్రాసెస్‌లను కూడా వెంబడించమని చెప్పి, ఫైలు తెరిచే పిలుపుల్నే రాసుకోమంటే, ఏ ప్రాసెస్ ఏ దారిలోని ఫైలు తెరిచి ఎక్కడ రాసిందో చిట్టా మొత్తం దొరుకుతుంది. సాక్ష్యంగా దీన్ని మించింది లేదు, కానీ ఖరీదైన సాక్ష్యం. బిల్డ్ నత్తనడక నడుస్తుంది, లాగ్ కొండలా పెరుగుతుంది, పైగా లినక్స్‌లోనే నడుస్తుంది. గ్రాడిల్ లాంటి బిల్డ్ టూల్స్ వెనకాల ముందే నడుస్తున్న డీమన్ (తెర వెనక ప్రోగ్రామ్) చేత పని చేయిస్తే ఆ డీమన్ మనం మొదలుపెట్టిన ప్రాసెస్‌కి పిల్ల కాదు కాబట్టి చిట్టాకెక్కదు. డాకర్ బిల్డ్‌దీ అదే కథ, పని చేసేది వెనకున్న సర్వరే. అందుకే దీన్ని చివరికి దాచుకుంటాను.

ఈ మూడింటికీ అందని కేసులూ ఉన్నాయి. మేవెన్ అనే జావా బిల్డ్ టూల్‌లో లైసెన్స్ వివరం పేరెంట్ పామ్ (పామ్ అంటే ప్రాజెక్టు వివరాల ఫైలు) నుంచి పిల్ల పామ్‌కి వారసత్వంగా వస్తుంది. మన పామ్‌లో ఆ మాటే ఉండదు, పబ్లిష్ అయిన ప్యాకేజీకి మాత్రం పేరెంట్ లైసెన్స్ అంటుకుంటుంది. ఫైలు కాపీ కాలేదు కాబట్టి ఎస్‌ట్రేస్ చూసి లాభం లేదు. ఎఫెక్టివ్ పామ్‌ని (వారసత్వం అంతా కలిపాక తేలే పామ్‌ని) వెర్బోస్‌గా, అంటే వివరంగా అడిగితే ఏ లైను ఏ పామ్ నుంచి వచ్చిందో పక్కనే రాసి ఇస్తుంది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల ఎన్‌పీఎం ఇనిట్‌ని 'యెస్' ఆప్షన్‌తో నడిపితే ఏమీ అడక్కుండా లైసెన్స్ స్థానంలో ఐఎస్‌సీ అని నింపడం, ఇన్‌స్టాలర్లు తయారుచేసే సీప్యాక్‌కి లైసెన్స్ ఫైలు చూపించకపోతే ఇన్‌స్టాలర్‌లో "లైసెన్స్ ఇవ్వలేదు" అనే దాని సొంత టెక్స్ట్ రావడం కూడా ఈ కోవలోవే. వీటి దగ్గర పరిశోధన కంటే ఆ టూల్ డిఫాల్ట్‌లు తెలిసి ఉండటమే మేలు.

కాబట్టి ఏది మేలంటే, ముందు ఒక్క ప్రశ్న తేల్చుకోవాలి: ఆ టెక్స్ట్ రిపోలో ఉందా, బయటికొచ్చిన ప్యాకేజీలోనే ఉందా? రిపోలో ఉంటే గిట్. ప్యాకేజీలోనే ఉంటే మెట్టుమెట్టుకీ గిట్ స్టేటస్, అప్పటికీ తేలకపోతే ఎస్‌ట్రేస్. ఇదివరకటి రిలీజ్ మంచిదై ఉంటే డిఫోస్కోప్‌తో రెండు ప్యాకేజీల్నీ పోల్చి చూడటం కూడా తక్కువ శ్రమ. అది లోపలి ఆర్కైవ్‌లను తనే విప్పి తేడాలు చూపిస్తుంది. స్కానర్ వంతు ఆ తర్వాత. ఒక తప్పు మూలం దొరికాక, అదే మూలం ఇంకెన్ని ప్యాకేజీల్లో చేయి పెట్టిందో వెడల్పుగా చూడటానికి దాన్ని మించింది లేదు. అప్పుడు కూడా స్కాన్ చేయాల్సింది రిపోని కాదు, బిల్డ్ ఫలితాన్ని.

దిద్దడం కూడా మూలం దగ్గరే జరగాలి. ఆటోమేక్ కేసులో కాన్ఫిగర్ డాట్ ఏసీ ఫైల్లో 'ఫారిన్' (గ్నూ పద్ధతి పట్టింపు లేదని చెప్పే మాట) అని పెడితే సరిపోతుంది. టార్‌బాల్ చేసే ముందు కాపీయింగ్‌ని తుడిచేసే స్క్రిప్టు రాస్తే ఇంకో ఆరు నెలలకు ఎవరో ఆ స్క్రిప్టు ఎందుకుందో తెలియక తీసేస్తారు. మీరు తెచ్చుకునే సోర్స్‌లో లైసెన్స్ మారిపోతుందేమోనన్న టెన్షన్ ఉంటే యోక్టో (లినక్స్ సిస్టమ్‌లు తయారుచేసుకునే ప్రాజెక్టు) పద్ధతి చూడండి. రెసిపీలో (ఒక్కో ప్యాకేజీని ఎలా తయారుచేయాలో రాసే ఫైల్లో) లైసెన్స్ ఫైలు చెక్‌సమ్ (టెక్స్ట్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) రాసి ఉంచాలి, టెక్స్ట్ మారితే బిల్డ్ అక్కడే ఆగుతుంది. కాకపోతే అది లోపలికొచ్చే సోర్స్‌కే కాపలా, బిల్డ్‌లో పుట్టే ఫైళ్ల జోలికి పోదు.

ఇప్పటికే బయటికెళ్లిన టార్‌బాల్‌ని మాత్రం సరిచేసి అదే పేరుతో మళ్లీ పెట్టకండి. డిస్ట్రోల (లినక్స్ పంపిణీలు తయారుచేసేవాళ్ల) దగ్గర పాత చెక్‌సమ్ నమోదై ఉంటుంది, అది కలవకపోతే వాళ్ల వైపు బిల్డ్‌లు విరుగుతాయి, సర్వర్‌ని ఎవరో హ్యాక్ చేశారేమోనన్న అనుమానం కూడా వస్తుంది. వెర్షన్ నంబరు ఒకటి పెంచి కొత్త రిలీజ్ చేసి, పాతదాంట్లోని కాపీయింగ్ ఫైలు పొరపాటున చేరిందని, ప్రాజెక్టు లైసెన్స్ ఎంఐటీయేనని రిలీజ్ నోట్స్‌లో రాయండి.