చిన్న డాక్‌లలో ఏది మేలు? చిప్పు పేరు కంటే ముందు వెనక పలక చూడండి

ఇంట్లో మంచి స్పీకర్లు ఉన్నాయి. ఇరవయ్యేళ్ళుగా నమ్మకంగా పాడుతున్న స్టీరియో యాంప్లిఫయర్ ఉంది. కానీ కొత్త టీవీ వెనక ఎరుపు, తెలుపు ఆర్సీయే సాకెట్లు లేవు. కొత్త ఫోనుకు హెడ్‌ఫోన్ పిన్ను పెట్టే చోటే లేదు. లాప్‌టాప్‌కు ఆ చోటు ఉన్నా, మౌస్ కదిలినప్పుడల్లా పాటలో జుయ్‌మని చప్పుడు కలుస్తోంది. మూడింటికీ మందు ఒకటే: అంకెల రూపంలో ఉన్న పాటను యాంప్ తీసుకోగలిగే వోల్టేజీగా మార్చే డాక్ (డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్).

కొనే ముందు ఒకటి చూసుకోండి. మీ దగ్గర ఉన్నది ఏవీ రిసీవర్ (టీవీ, సినిమా సౌండు కోసం చేసిన యాంప్) అయితే, దాని వెనక ఆప్టికల్ ఇన్‌పుట్, అంటే సౌండును వెలుగు రూపంలో తీసుకునే సాకెట్, ఉంటే, డాక్ దాని లోపలే ఉంది. బయట ఇంకో డాక్ పెట్టి అనలాగ్‌గా ఇచ్చినా, చాలా రిసీవర్లు 'ప్యూర్ డైరెక్ట్' లాంటి మోడ్‌లో పెడితే తప్ప, ఆ సిగ్నల్‌ను మళ్ళీ అంకెల్లోకి మార్చుకుంటాయి. అలాంటి ఇంట్లో డాక్ కొనడం డబ్బు దండగ.

ఇక్కడ పోల్చేవి నాలుగు. యాపిల్ అమ్మే యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్, అందరూ డాంగిల్ అనేది. టాపింగ్ వాళ్ళ డీ10ఎస్. ఎస్‌ఎంఎస్‌ఎల్ వాళ్ళ ఎస్‌యూ-1. టాపింగ్ వాళ్ళదే ఈ30 టూ. వీటి పక్కన, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే పేరూ ఊరూ లేని నల్ల పెట్టె గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే టీవీ కోసం ఎక్కువమంది ముందు కొనేది అదే.

చిప్పుల సంగతి మొదట తేల్చేద్దాం. ఎస్‌యూ-1లో ఏకేఎం వాళ్ళ ఏకే4493ఎస్ చిప్పు ఒకటి ఉంటుంది. ఈ30 టూలో అదే చిప్పు రెండు ఉంటాయి. డీ10ఎస్‌లో ఈఎస్‌ఎస్ వాళ్ళ ఈఎస్9038క్యూ2ఎం. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఏకేఎం ఫ్యాక్టరీ తగలబడి చిప్పులు కరువైనప్పుడు, డాక్ కంపెనీలు చాలా వరకు ఈఎస్‌ఎస్ వైపు మళ్ళాయి. పాత మోడల్ పేరుకు ఒకటో రెండో అక్షరాలు చేర్చి, లోపల వేరే చిప్పుతో అమ్మిన కంపెనీలూ ఉన్నాయి. వాటిలో పాతదాన్నీ కొత్తదాన్నీ సమానమైన సౌండు దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని వింటే ఏది ఏదో చెప్పడం ఎవరికైనా కష్టమే. 16 బిట్‌ల సీడీకి లెక్క ప్రకారం దొరికే డైనమిక్ రేంజ్, అంటే అతి మెల్లని, అతి గట్టి సౌండ్ల మధ్య తేడా, 98 డెసిబెల్స్. ఈ మూడు పెట్టెల్లోనూ రొద దానికి చాలా కింద ఉంటుంది. ఫ్యాను తిరిగే హాల్లో ఆ తేడా చెవి దాకా రాదు.

చెవి దాకా వచ్చేవి వేరే: ఎన్ని వోల్టులు ఇస్తోంది, వెనక ఏ సాకెట్లు ఉన్నాయి, కరెంటు ఎక్కడ నుంచి తీసుకుంటోంది.

వోల్టులతో మొదలుపెడదాం. సీడీ ప్లేయర్ల కాలం నుంచి ఆర్సీయే లైన్ అవుట్‌పుట్ అంటే 2 వోల్టులు అనే లెక్క నడుస్తోంది. డీ10ఎస్, ఎస్‌యూ-1, ఈ30 టూ మూడూ ఆ చుట్టుపక్కలే ఇస్తాయి. డాంగిల్ 1 వోల్టు ఇస్తుంది, అంటే 6 డెసిబెల్స్ తక్కువ. అదీ ఏ2049 మోడల్ అయితేనే. ఐరోపా మార్కెట్‌కు చేసిన ఏ2155 అయితే సుమారు అర వోల్టే. విదేశాల నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకునేవాళ్ళు ఈ నంబరు చూసి చెప్పండి.

1 వోల్టు అనగానే నాసిరకం అనుకోకండి. పాత యాంప్‌లలో ఆక్స్ ఇన్‌పుట్‌కు 150 నుంచి 200 మిల్లీవోల్టులు ఇస్తే చాలు, వాల్యూమ్ నాబ్ చివరిదాకా తిప్పినప్పుడు యాంప్ పూర్తి శక్తితో పలుకుతుంది. దానికి 2 వోల్టులు ఇస్తే ఏమవుతుంది? నాబ్ గడియారంలో ఎనిమిది గంటల గీత దాటగానే ఇల్లంతా దద్దరిల్లుతుంది. రాత్రి పూట మెల్లగా వినాలంటే నాబ్‌ను అడుగున వెంట్రుక వాసి తిప్పాలి. అక్కడే పాత వాల్యూమ్ పాట్‌లు (నాబ్ వెనక ఉండే రెసిస్టర్లు) కుడి ఎడమలను సమానంగా ఇవ్వవు. గాయకుడి గొంతు మధ్యలో ఉండకుండా ఒక స్పీకర్ వైపు జరిగిపోతుంది. 'కొత్త డాక్ పెట్టాక బ్యాలెన్స్ పోయింది' అనే ఫిర్యాదులో డాక్ తప్పు చాలాసార్లు ఇంతే. అలాంటి యాంప్‌కు డాంగిలే మేలు. లేదంటే ఈ30 టూను ప్రీయాంప్ మోడ్‌లో, అంటే వాల్యూమ్ డాక్‌లోనే మార్చుకునేలా, పెట్టి, దాని రిమోట్‌తో 10 డెసిబెల్స్ తగ్గించి వాడండి. డాక్ లోపలి లెక్కకు బిట్లు పుష్కలంగా ఉంటాయి కాబట్టి, అంత తగ్గించినా నష్టం వినిపించదు. డీ10ఎస్, ఎస్‌యూ-1లకు పెట్టె మీద వాల్యూమ్ లేదు. వాటికి ఆర్సీయే పిన్నుకు తగిలించే 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించే పిన్ను) ఒక జత కొనాలి.

ఇక సాకెట్లు. డీ10ఎస్‌లోకి పాట వెళ్ళే దారి యూఎస్‌బీ ఒక్కటే. దాని వెనక ఆప్టికల్, కోయాక్సియల్ (అంకెల సౌండును రాగి తీగ మీద పంపేది) రంధ్రాలు కనిపిస్తాయి కానీ అవి బయటికి పంపేవి, లోపలికి తీసుకునేవి కావు. టీవీకి పెడదామని కొని, ఆప్టికల్ కేబుల్ గుచ్చి, సౌండు రాక తిరిగి పంపేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. లాప్‌టాప్ పక్కన మాత్రం అది చక్కటి పెట్టె: వేరే అడాప్టర్ అక్కర్లేదు, యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది, చిన్న తెర మీద 44.1 కిలోహెర్ట్జా 48 కిలోహెర్ట్జా అన్నది కనిపిస్తుంది. ఎస్‌యూ-1, ఈ30 టూలలో యూఎస్‌బీ, ఆప్టికల్, కోయాక్సియల్ మూడూ ఇన్‌పుట్లే. లాప్‌టాప్‌ను, టీవీని, పాత డీవీడీ ప్లేయర్‌ను ఒకేసారి తగిలించి ఉంచుకోవచ్చు. కోయాక్సియల్ కోసం ఖరీదైన కేబుల్ కొనకండి. డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన పసుపు రంగు వీడియో కేబుల్ 75 ఓమ్‌లదే, మీటరు రెండు మీటర్ల దూరానికి అది సరిగ్గా సరిపోతుంది.

టీవీకి పెట్టేటప్పుడు తప్పు జరిగేది ఎక్కువగా సెట్టింగ్స్‌లో. ఆప్టికల్ కేబుల్ రెండు కొసలకూ కండ్లకు ఆనని చిన్న ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి. ముందు అవి తీయండి. టీవీ ఆన్ చేసి కేబుల్ రెండో కొస అరచేతి మీద పెడితే ఎర్రటి చుక్క పడాలి. పడకపోతే టీవీ సౌండ్ మెనూలో అవుట్‌పుట్‌ను ఆప్టికల్‌కు మార్చండి. తరవాత డిజిటల్ ఆడియో ఫార్మాట్ అన్న చోట 'ఆటో', 'బిట్‌స్ట్రీమ్', 'డాల్బీ' ఏదున్నా తీసేసి 'పీసీఎం' (కుదించని మామూలు సౌండు) పెట్టండి. ఇలాంటి స్టీరియో డాక్‌లు డాల్బీని విప్పలేవు. పీసీఎం పెట్టకపోతే ఛానల్ వార్తలు వస్తాయి, ఓటీటీలో సినిమా పెట్టగానే నిశ్శబ్దం. మంచి డాక్ అయితే అలా మౌనంగా ఉంటుంది. ఆ నల్ల పెట్టెల్లో కొన్ని మాత్రం డాల్బీ అంకెలనే సౌండు అనుకుని గరగరమని స్పీకర్ల మీదకు వదులుతాయి. ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్) కాలడానికి ఆ గరగర రెండు క్షణాలు గట్టిగా వస్తే చాలు. సెట్‌టాప్ బాక్స్‌లో కూడా డాల్బీ ఆపి ఉందో లేదో చూడండి. ఇంకొకటి: చాలా టీవీల్లో ఆప్టికల్ వాడితే టీవీ రిమోట్ వాల్యూమ్ పనిచేయదు. యాంప్‌కు రిమోట్ లేని ఇంట్లో, ప్రకటన వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి నాబ్ తగ్గించాల్సిన పని పడుతుంది. రిమోట్ ఉన్న ఈ30 టూకు, లేని ఎస్‌యూ-1కు మధ్య అసలైన తేడా ఇదే. విడుదలైనప్పుడు ఎస్‌యూ-1 ధర 80 డాలర్లు, ఈ30 టూది 150 దాకా. ఆ పై డబ్బు రెండో చిప్పుకు ఇస్తున్నామనుకోకండి. రిమోట్‌కు, తెరకు, వాల్యూమ్‌కు ఇస్తున్నాం. ఆ లెక్కన అది న్యాయమైన ధరే.

ఇప్పుడు మన ఇళ్ళలో అందరినీ వేధించే గుయ్‌మనే శబ్దం. డాక్ పెట్టగానే 50 హెర్ట్జ్ గుయ్ మొదలైందంటే, నూటికి తొంభై సందర్భాల్లో డాక్ చెడిపోయి కాదు. లాప్‌టాప్ ఛార్జర్ ఎర్త్ ఒక దారిలో, యాంప్ ఎర్త్ ఇంకో దారిలో పోతూ, మధ్యలో యూఎస్‌బీ, ఆర్సీయే తీగల నేల (గ్రౌండ్) కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది. కేబుల్ టీవీ తీగ, డిష్ నుంచి వచ్చే తీగ కూడా తమ నేలను మోసుకొస్తాయి. దొంగను పట్టే పద్ధతి ఇది. యాంప్‌కు ఏ తీగా లేకుండా వాల్యూమ్ పెంచి వినండి. తరవాత ఆర్సీయే గుచ్చండి, డాక్‌కు కరెంటు ఇవ్వకుండా. తరవాత యూఎస్‌బీ. తరవాత లాప్‌టాప్ ఛార్జర్. ఆఖరున సెట్‌టాప్ బాక్స్ తీగ. ఏ మెట్టు దగ్గర గుయ్ మొదలైతే తప్పు అక్కడ. ఛార్జర్ తీయగానే పోతే, లాప్‌టాప్‌ను, యాంప్‌ను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే యూఎస్‌బీ వదిలి ఆప్టికల్‌కు మారండి. అందులో వెళ్ళేది వెలుగు, రాగి కాదు కాబట్టి చుట్టు అక్కడే తెగుతుంది. ఎస్‌యూ-1, ఈ30 టూలకు ఆ దారి ఉంది. డీ10ఎస్‌కు, డాంగిల్‌కు లేదు. ఛార్జర్ మూడో పిన్ను విరిచేస్తే గుయ్ పోతుందని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. పోయేది గుయ్ ఒక్కటే కాదు, షాక్ కొట్టకుండా కాపాడే దారి కూడా. దయచేసి ఆ పని చేయకండి.

ఆప్టికల్‌తో వాడేటప్పుడు ఈ రెండు పెట్టెలకూ 5 వోల్టుల కరెంటు వేరే ఇవ్వాలి. టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రం నుంచే ఇస్తే తీగ తక్కువ, కానీ టీవీ ఆన్ ఆఫ్ చేసినప్పుడల్లా యాంప్ ఆన్‌లో ఉంటే స్పీకర్లు టప్‌మంటాయి. మంచి ఫోను ఛార్జర్ ఒకటి దీనికే కేటాయించడం మేలు.

ఫోనుతో వినేవాళ్ళకు డాంగిల్ చౌకైన సుఖం. ఒక 3.5 మిల్లీమీటర్ల పిన్ను నుంచి రెండు ఆర్సీయేలకు వెళ్ళే తీగ ఉంటే చాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుంది, అంటే యూట్యూబ్‌కు, మామూలు స్ట్రీమింగ్‌కు నిండా సరిపోతుంది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 30 మిల్లీవాట్ల దాకా ఇస్తుంది. మిగతా మూడింటికీ హెడ్‌ఫోన్ సాకెట్టే లేదు. చిక్కులు కూడా చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలా వాటిలో ఇది సగం సౌండుతోనే ఆగిపోతుంది, డాంగిల్ లోపలి వాల్యూమ్‌ను ఫోను పూర్తిగా తెరవదు. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్ వాడితే ఆ తలుపు తెరుచుకుంటుంది, కానీ ఆ యాప్‌లో పాడే పాటలకు మాత్రమే. పాట మధ్యలో మెసేజ్ వస్తే ఆ టింగ్ కూడా పెద్ద స్పీకర్లలోనే మోగుతుంది. దాని మెడ దగ్గర తీగ చాలా సన్నం. బరువైన ఆర్సీయే తీగను దానికి వేలాడదీస్తే ఏడాది తిరక్కుండా ఒక పక్క సౌండు పోతుంది. తీగను బల్లకు టేపుతో అంటించి, బరువు డాంగిల్ మీద పడకుండా చూడండి.

విండోస్ లాప్‌టాప్‌కు వీటిలో దేనికీ ఇప్పుడు డ్రైవర్ తప్పనిసరి కాదు. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి ఇలాంటి డాక్‌లు వాడే ప్రమాణం యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అందులోనే ఉంది. సౌండ్ సెట్టింగ్స్‌లో 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టి, వాల్యూమ్ 100లో ఉంచి, యాంప్ దగ్గర తగ్గించుకోండి. పెట్టె మీద అచ్చేసిన 768 కిలోహెర్ట్జ్, డీఎస్‌డీ512 అంకెల్ని చూసి ఎక్కువ ఇవ్వకండి. ఎంక్యూఏ (హై-రెస్ పాటలను కుదించే ఒక పద్ధతి) ముద్ర ఉన్నా అంతే. ఆ కంపెనీ 2023లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళి చేతులు మారింది, దాన్ని వాడిన స్ట్రీమింగ్ సర్వీసు టైడల్ కూడా, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌కు మారిపోయింది.

రెండు డాక్‌లను తెచ్చుకుని పోల్చి చూడాలనుకుంటే, సౌండు సమానం చేయకుండా వినకండి. కొంచెం గట్టిగా పలికేదే మంచిదని చెవి ఎప్పుడూ ఓటేస్తుంది. 100 హెర్ట్జ్ టోన్ వాయించి, యాంప్‌ను ఆపి, ఆర్సీయే కొస దగ్గర మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి కొలవండి. చవక మీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపిస్తాయి, అందుకే 100. రెంటి మధ్య తేడా ఒక శాతం లోపుకు తెచ్చాక, తంబురా శ్రుతి మాత్రమే సాగే ఆలాపన మొదటి అర నిమిషం వినండి. తీగ మీటిన తరవాత నాదం ఆరిపోయే చోట రొద ఉంటే అక్కడ దొరుకుతుంది. తరవాత మృదంగం ఎడమ వైపు దెబ్బ, గుంకీ (ఊగుతూ సాగే లోతైన నాదం) సాగే చోట. ఇవి రెండూ ఒకేలా వినిపిస్తే, ఆ రెండు డాక్‌లలో తక్కువ ధరది ఉంచుకుని మిగతాది వెనక్కి పంపేయండి.

హాల్లో టీవీ, యాంప్‌కు రిమోట్ లేదు అంటే ఈ30 టూ. యాంప్‌కు రిమోట్ ఉంటే ఎస్‌యూ-1, ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. టేబుల్ మీద లాప్‌టాప్, పక్కనే పవర్డ్ స్పీకర్లు (లోపలే యాంప్ ఉన్నవి), టీవీ గొడవ లేదు అంటే డీ10ఎస్ బాగుంటుంది, కానీ ఎస్‌యూ-1 కంటే చవగ్గా దొరికితేనే. యాంప్ మరీ పాతదై, పాట ఫోను నుంచే వస్తుంటే డాంగిల్ కొని, మిగిలిన డబ్బుతో స్పీకర్ల సరౌండ్ రబ్బరు (కోన్ చుట్టూ ఉండే అంచు) మార్పించండి.