1.8 మీటర్ల అల, 0.9 మీటర్ల అల: మహాబలిపురానికి రెండు ప్రయాణాలు

నిరుడు నవంబరులో సర్ఫింగ్ కోసం, అంటే బోర్డు మీద నిలబడి అలల మీద సాగడం నేర్చుకోవడానికి, మహాబలిపురం బయలుదేరే ముందు ఫోనులో చూసుకున్న అంచనా 1.8 మీటర్ల అలలని చెప్పింది. ఈ జులైలో బయలుదేరినప్పుడు అదే తీరానికి 0.9 మీటర్లని చెప్పింది. మొదటిసారి మూడు రోజులు ఉప్పునీళ్లు మింగి, భుజాలు ఒరుసుకుపోయి, ఒక్క అల మీదా నిలబడకుండానే విజయవాడ తిరిగి వచ్చాను. రెండోసారి, అందులో సగం ఎత్తున్న అలల మీద, తీరపు గుడి దగ్గరి రాళ్ల వైపు నుంచి ఉత్తరంగా పది పన్నెండు సెకన్ల పాటు ఆగకుండా సాగిపోయాను. కృష్ణలో ఈత నేర్చిన మనకు నీళ్లంటే భయం ఉండదు గానీ, అలను చదవడం అక్కడ ఎవరూ నేర్పరు. అందుకే నాలాగే ఎత్తు ఒక్కటే చూసి టికెట్లు తీసే మన ఊళ్ల వాళ్లకోసం ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చెబుతున్నాను.

నవంబరు అంచనాలో ఎత్తు పక్కనే 7 సెకన్లు, ఈశాన్యం అని ఉంది, నేను పట్టించుకోలేదు. జులైలో అక్కడ 14 సెకన్లు, దక్షిణం అని ఉంది. దిశ అంటే అల వచ్చే వైపు. సెకన్లేమో ఒక అల శిఖరం దాటాక మరో శిఖరం రావడానికి పట్టే వ్యవధి, దీన్నే పీరియడ్ అంటారు. లోతు సముద్రంలో 7 సెకన్ల అల పొడవు సుమారు 76 మీటర్లు, 14 సెకన్ల అల పొడవు 300 మీటర్లకు పైమాటే. తన పొడవులో సగం లోతుకు చేరగానే అలకు సముద్రపు అడుగు తగలడం మొదలవుతుంది కాబట్టి, పొడవైన అల తీరానికి ఎంతో దూరంలోనే నేలను పసిగట్టి, మెల్లగా వంపు తిరుగుతూ వస్తుంది. పొట్టి అల ఆ అవకాశం లేకుండానే వచ్చి మీద పడుతుంది.

మహాబలిపురంలో ఈ వంపే సర్వస్వం. ఎనిమిదో శతాబ్దపు గుడి ఉన్న చోట నేల సముద్రంలోకి కొద్దిగా ముందుకు వచ్చి ఉంటుంది, దాన్ని కోత నుంచి కాపాడేందుకు పేర్చిన బండరాళ్లు కూడా ఉన్నాయి. దక్షిణం నుంచి వచ్చే అల ఆ కొనను చుట్టి, ఉత్తరాన ఉన్న ఇసుక మేట మీద ఒక చివర నుంచి మరో చివరకు వరుసగా విరుగుతూ పోతుంది. ఇలాంటి చోటును సర్ఫింగ్ చేసేవాళ్లు పాయింట్ బ్రేక్ అంటారు. ఈశాన్యం నుంచి వచ్చే అలకు చుట్టడానికి కొన ఏదీ అడ్డం ఉండదు. అది నేరుగా వచ్చి పొడవునా ఒక్కసారిగా కూలిపోతుంది. పైగా ఆ కాలంలో తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి సాగి, మనిషిని రాళ్ల వైపే నెడుతుంది. జులైలో అదే ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది. రాళ్లకు దూరంగా ఎక్కడో తేలుతాం, ఇసుక మీద బోర్డు మోసుకుంటూ వెనక్కి నడవాలి, అంతే. 2025లో ఆసియా సర్ఫింగ్ పోటీలను ఇక్కడ ఆగస్టులో నిర్వహించడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక గాలి. వేసవిలోనూ నైరుతి రుతుపవనాల కాలంలోనూ తెల్లవారుజామున గాలి పడమటి నుంచి, అంటే నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది. అది అల ముఖాన్ని నిమిరి నునుపు చేసి, విరగకుండా కాసేపు నిలబెడుతుంది. ఎండ ఎక్కాక సముద్రపు గాలి తిరుగుతుంది. తెనాలి, గుంటూరు జనం సాయంత్రం డాబాల మీద కూర్చుని ఎదురుచూసే పైరగాలి అలలకు మాత్రం శత్రువు. మేమున్న నాలుగు రోజుల్లో మూడు రోజులు పదకొండు దాకా నీళ్లు బాగున్నాయి, ఒక రోజు తొమ్మిదింటికే చెడిపోయాయి.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే సముద్ర స్థితి అంచనాల్లో ఎత్తు, దిశ, పీరియడ్ వేరువేరుగా ఉంటాయి కాబట్టి, రంగుల పటాల యాప్‌లకన్నా ముందు దాన్నే చూడమంటాను. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అంచనాలో చెప్పే ఎత్తు అన్నిటికన్నా పెద్ద అలది కాదు, పెద్దవైన మూడోవంతు అలల సగటు. కాబట్టి ఒక మీటరు అన్న రోజున దానికి రెట్టింపుకు దగ్గరగా ఉండే అల కూడా అప్పుడప్పుడూ వస్తుంది. రెండోది, దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానుల్లో పుట్టిన 14 సెకన్ల అల రోజుకు సుమారు 900 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే మన తీరం చేరే వారం ముందే అది పుట్టి, దారిలో ఉంటుంది. అందువల్ల అల అంచనాను ఐదారు రోజుల ముందు నమ్మవచ్చు, గాలి అంచనాను మాత్రం రెండు రోజులకు మించి నమ్మకూడదు. రైల్వేవారేమో టికెట్లు 60 రోజుల ముందు ఇస్తారు, సముద్రం వారం ముందు గానీ మాట ఇవ్వదు. వారం మధ్యలో బయలుదేరడమే మాకు కనిపించిన ఉపాయం. ఐదు రోజుల ముందు చూసినా పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు దొరికాయి.

ఉదయం విజయవాడలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగుతాం. అక్కడ బస్సులవాళ్లను మామల్లపురం అని అడగాలి, మహాబలిపురం అంటే ఒక్కోసారి రెండోసారి చెప్పాల్సి వస్తుంది. నవంబరులో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఈతకొలను, విశాలమైన గదులు ఉన్న ఒక హోటల్లో దిగాం. గది బాగుంది, భోజనం బాగుంది. కానీ తెల్లవారి ఐదుంపావుకు గేటు తాళం తీసే మనిషి లేడు, బయట ఆటో లేదు. అంత డబ్బు పోసి, ఉన్న ఒక్క మంచి గంటనూ గేటు దగ్గర పోగొట్టుకున్నాం. జులైలో ఒత్తవాడై వీధి చివర జాలరుల ఇళ్ల పక్కన ఒక చిన్న బసలో దిగాం. స్నానాల గది ఇరుకు, కరెంటు పోతే ఫ్యాను తిరగదు, ఎదురుగా వలలు ఆరబోస్తారు కాబట్టి వాసన సంగతి చెప్పనక్కర్లేదు. అయినా మేడ ఎక్కితే కొన మీద విరిగే అల కనబడేది, మెట్లు దిగితే ఇసుక. నా ఓటు దీనికే.

నేర్పేవాళ్లలోనూ తేడా ఉంది. నవంబరులో మేము డబ్బు కట్టిన చోట ఉదయం పదింటికి, గాలికి సముద్రమంతా నురగలు కక్కుతున్నప్పుడు, ఎనిమిది మందికి ఒకే శిక్షకుడితో నీళ్లలోకి దించారు. అల బాగోలేదని చెబితే డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తుందనే భయం కాబోలు. జులైలో మాకు నేర్పిన కుర్రవాడు జాలరి కుటుంబంలోవాడు, చెన్నైలో పనిచేసి తెలుగు పట్టుబడ్డవాడు. మొదటి రోజే, "ఎత్తు చూడకండన్నా, సెకన్లు చూడండి" అన్నాడు. మూడో రోజు తొమ్మిదింటికి గాలి తిరగగానే మమ్మల్ని బయటికి రమ్మని, మిగిలిన అరగంటను మర్నాటికి కలిపాడు. గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిది, "డబ్బు తీసుకుని వద్దనేవాణ్ణి ఇక్కడే చూశాను బావా" అన్నాడు. బోర్డు అద్దెకు తీసుకునే ముందు కాలికి కట్టుకునే తాడును గట్టిగా లాగి చూసుకోవాలి. నవంబరులో నాకిచ్చినది రెండో రోజున తెగింది.

ఇంత దూరం ఎందుకు, సూర్యలంక ఉంది కదా అని అడిగేవాళ్లున్నారు. జూన్ చివర అక్కడికీ వెళ్లాను. బాపట్ల దాకా రైలు, అక్కడి నుంచి 9 కిలోమీటర్లు ఆటో. ఉదయం వెళ్లి రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఇసుక విశాలంగా, నీళ్లు చాలా దూరం నడుం లోతుగానే ఉంటాయి. కానీ అలను వంచడానికి అక్కడ రాతి కొన లేదు. వరుస వెనుక వరుసగా విరిగి, ఒడ్డు చేరేసరికి నీరసించిపోతుంది. మేమున్న రోజున బోర్డు పట్టుకున్న మనిషి ఒక్కడూ కనబడలేదు. పిల్లలతో తడవడానికి, ఒడ్డున కాపలావాళ్లు ఉన్న మేరలోనే ఉంటే, మంచి చోటు. కార్తీక పౌర్ణమి స్నానాలకు మాత్రం జాగ్రత్త అవసరం: పున్నమి పోటుకు ఈశాన్యపు పొట్టి అలలు తోడయ్యే రోజులవి, నవంబరులో మహాబలిపురంలో నన్ను దొర్లించిన అలలు కూడా ఆ జాతివే.