బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్లకు గ్లూకోమీటర్ ఎంతవరకు నమ్మకం?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, పాలమూరు న్యూటౌన్‌లోనైనా మీటర్ అడిగితే షాపువాళ్లు షుగర్ పేషెంట్ అనుకుని "పరగడుపున చూసుకోండి" అంటారు. గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే బరువు తగ్గే ఆపరేషన్) అయినవాళ్లకు ఆ మాట పనికిరాదు. వీళ్లకు పరగడుపున అంతా బాగానే ఉంటుంది. తిన్న గంట నుంచి మూడు గంటల లోపు షుగర్ పడిపోతుంది, అదీ చాలామందికి ఆపరేషనై ఏడాది దాటాక. తిన్నది పేగులోకి గబగబా దిగి షుగర్ ఎగబాకుతుంది, దాంతో ఇన్సులిన్ అవసరానికి మించి ఊరి షుగర్‌ను కిందికి లాగేస్తుంది. చెమటలు, వణుకు మొదలవగానే వేలు గుచ్చి చూసుకోవాలి.

అందుకు మామూలు మీటర్ చాలు. కాకపోతే 100 (mg/dL) లోపు రీడింగ్ 15 అటూఇటూ ఉన్నా ప్రమాణాల ప్రకారం అది మంచి మీటరే. 68 చూపించినా అసలు 55 కావచ్చు. అంకె కంటే వణుకునే నమ్మండి.

మన దగ్గర అసలు చిక్కు బత్తాయి. తొనలు ఒలిచిన వేలినే గుచ్చితే, ఆ రసం కలిసి 60 ఉన్నది కూడా వంద దాటినట్టు కనిపించొచ్చు. స్పిరిట్ దూది చాలదు, సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. చాలా స్ట్రిప్పులు 30 డిగ్రీలకు మించి వేడి తట్టుకోవు, మే నెలలో బండి డిక్కీలో పెట్టారంటే అంతే సంగతులు. ఇంకోటి, ఈ ఆపరేషన్ తర్వాత రక్తం తగ్గడం మామూలే. రక్తహీనత ఉంటే చాలా మీటర్లు షుగర్ ఎక్కువ చూపిస్తాయి. కొనేముందు డబ్బాలోని కాగితంలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎంత ఉన్నంతవరకు మీటర్ సరిగ్గా పనిచేస్తుందో చదవండి.

చేతికి అంటించి షుగర్‌ను ఆగకుండా కొలిచే 14 రోజుల సెన్సార్ ఒక్కసారి పెట్టించుకుంటే మేలే: జొన్నరొట్టె, పప్పు తిన్న రోజు గీత, ఇడ్లీ తిని తీపి చాయ్ తాగిన రోజు గీత పక్కపక్కన కనిపిస్తాయి. కానీ రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకే నడుస్తుంది, ఆ చెయ్యి కింద పడేసి పడుకుంటే ఉత్తపుణ్యానికి తక్కువ చూపిస్తుంది. నెలనెలా కొనక్కర్లేదు.

మీటర్ సంచిలోనే గ్లూకోజ్ పొడి 15 గ్రాముల చొప్పున తూచి పొట్లాలు కట్టి పెట్టుకోండి. 70 కంటే తగ్గితే ఒక పొట్లం నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ గుచ్చండి. 70 దాటాక గుప్పెడు పల్లీలో, ఉడికిన గుడ్డో తినాలి, లేదంటే తాగిన గ్లూకోజే మళ్లీ ఇన్సులిన్‌ను లేపుతుంది. 54 కంటే తగ్గితే డాక్టర్‌కు చెప్పాల్సిందే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. అకార్బోస్ (పిండి, చక్కెర అరగడాన్ని నెమ్మది చేసే మందు) బిళ్లలు వేసుకునేవాళ్లకు చక్కెర, బెల్లం త్వరగా ఎక్కవు, ఉత్త గ్లూకోజే కావాలి. రుచులు కలిపిన ప్యాకెట్లలో చక్కెర ఉండొచ్చు, వెనక చూసి కొనండి.