డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో క్యూజీఐఎస్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

బిస్కెట్లు, సబ్బులు, టీ పొడి లాంటివి కిరాణా షాపులకు చేర్చే డిస్ట్రిబ్యూషన్ వ్యాపారం మాది. హైదరాబాద్‌లో మూడు గోడౌన్లు, మూడు వేల పైచిలుకు షాపులు, పాతిక మంది దాకా సేల్స్‌మెన్. ఎవరి బీట్, అంటే ఒక్కో సేల్స్‌మన్ తిరిగే షాపుల దారి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ గల్లీలోకి ఇద్దరు వెళ్తున్నారో, ఏ గల్లీకి అసలు ఎవరూ వెళ్లడం లేదో ఎక్సెల్ షీట్ చూస్తే తేలదు. అది తేల్చుకోవడానికే కొన్నేళ్లుగా క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆఫీసులో ఒక్కరైనా కూర్చుని నేర్చుకుంటామంటే, డబ్బు పెట్టకుండా దొరికేవాటిలో దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. నేర్చుకునే ఓపిక ఎవరికీ లేదు, అందరికీ ఫోన్‌లో మ్యాప్ కనబడితే చాలు అంటే మాత్రం దీని జోలికి పోకండి.

దీనికంటే ముందు చూసినవీ ఉన్నాయి. గూగుల్ మై మ్యాప్స్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అరగంటలో వచ్చేస్తుంది. కానీ ఒక లేయర్‌లోకి, అంటే మ్యాప్ మీద పరిచే ఒక పొరలోకి, 2000 వరుసలకు మించి ఎక్కించనివ్వదు, ఒక మ్యాప్‌లో 10 లేయర్లే. మా షాపుల్ని ముక్కలు చేసి ఎక్కించినా చుక్కలు కనబడతాయి తప్ప ఈ హద్దు లోపల ఎన్ని షాపులు, వాటి అమ్మకం ఎంత అని అడిగితే జవాబు రాదు. ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్ గట్టి సరుకే, కాదనను. అయితే మనిషికింత అని ఏటా కట్టాలి. అడ్రస్‌లను మ్యాప్ మీద పెట్టించుకోవాలంటే క్రెడిట్లు ఖర్చవుతాయి, వెయ్యి అడ్రస్‌లకు 40 చొప్పున. మా ఓనర్ మ్యాప్ చూసేది నెలకోసారి, అదీ టీ తాగుతూ. ఆయన కోసం ఒకటి, ముగ్గురు సూపర్‌వైజర్లకు మూడు లైసెన్సులు తీసుకుంటే వాటిలో సగం కాలం పడి ఉండేవే.

క్యూజీఐఎస్‌ను 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టారు. జీపీఎల్ లైసెన్స్ కాబట్టి ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా, వ్యాపారానికి వాడుకున్నా పైసా కట్టక్కర్లేదు. వరుసల పరిమితి లేదు. నాది 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్, మా షాపుల లెక్కకు అది ఎప్పుడూ ఆయాసపడలేదు.

సాఫ్ట్‌వేర్ ఉచితమే. అసలు ఖర్చంతా అడ్రస్‌ల దగ్గర. ఈ సంగతి ఏ కంపెనీ డెమోలోనూ చెప్పరు. డెమోలో వాళ్లు తెచ్చుకునే జాబితా కడిగిన ముత్యంలా ఉంటుంది మరి. మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే అడ్రస్ ఇలా ఉంటుంది: ‘బాలాజీ కిరాణా, సాయిబాబా గుడి వెనక, వివేకానంద నగర్’. ఏ వివేకానంద నగర్? ఒకే షీట్‌లో ‘ఎస్.ఆర్. నగర్’, ‘సంజీవరెడ్డి నగర్’, ‘ఎస్సార్ నగర్’ మూడూ ఉంటాయి. ఇంటి నంబరు ఉంటే బాగుపడ్డట్టేనా అంటే అదీ లేదు. మన పాత నంబర్లలో మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. 8-3 తర్వాత వచ్చే అంకె పక్కింటికీ మనింటికీ వరసగా ఉంటుందన్న భరోసా లేదు, మధ్యలో బై నంబర్లు బోలెడు. అందువల్ల చాలా అడ్రస్‌లకు కంప్యూటర్ చివరికి పిన్‌కోడ్‌నే పట్టుకుంటుంది. మొదటిసారి మ్యాప్ మీద చూస్తే 500072 షాపులన్నీ కూకట్‌పల్లిలో ఒకే చుక్క మీద ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నాయి.

అందరూ కలిసి గీసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్లకు, అడ్రస్ ఇస్తే మ్యాప్ మీద చోటు చెప్పే నామినాటిమ్ అనే ఉచిత సేవ ఉంది. సెకనుకు ఒక్క అడ్రస్‌కు మించి అడగకూడదు, వేలకు వేలు తోసేయడం నిబంధనలకు విరుద్ధం. పైగా మన ఊళ్లో ఇంటి నంబర్లు అందులో ఉన్నది తక్కువ. గూగుల్‌ది బాగా కనిపెడుతుంది. మన దేశానికి 2024 ఆగస్టు నుంచి ధరలు బాగా తగ్గించి రూపాయల్లో బిల్లు వేస్తున్నారు కూడా. కానీ షరతులు చదవకుండా దిగకండి. అక్కడ తెచ్చుకున్న అక్షాంశ రేఖాంశాలను మన దగ్గర 30 రోజులకు మించి దాచుకోకూడదు. శాశ్వతంగా షాపుల జాబితా తయారు చేసుకుందామనుకునేవాళ్లకు అది పనికి రాదు.

కాబట్టి మేం సేల్స్‌మెన్‌నే నమ్ముకున్నాం. షాపు ముందు నిలబడి ఫోన్‌లో ఒక ఫారం నింపితే లొకేషన్ దానంతటదే పడుతుంది. ఇందుకు క్యూఫీల్డ్ అనే ఆండ్రాయిడ్ యాప్ ఉంది, క్యూజీఐఎస్‌తో బాగా కలుస్తుంది. పాతిక మందికీ అది నేర్పడం నా వల్ల కాక మామూలు ఆన్‌లైన్ ఫారంతోనే సరిపెట్టాను. వచ్చిన డేటాను వచ్చినట్టు నమ్మితే మాత్రం మునిగినట్టే. ఒక బీట్‌లో పదహారు షాపులు ఒకే ఇరానీ హోటల్ మీద తేలాయి. ఆ కుర్రాణ్ని పిలిచి అడిగితే, “ఎండ మస్తుగ ఉండె అన్నా, ఆడ కూసోనే అన్నీ కొట్టేసిన” అన్నాడు. కోపం రాలేదు, ఏప్రిల్ ఎండలో నేనైనా అదే చేస్తాను. అప్పట్నుంచి ఒకే చోట రెండుకు మించి చుక్కలు పడితే ఎర్రగా కనబడేలా పెట్టుకున్నాను. క్యూజీఐఎస్‌లో ఇలాంటి నియమం రాసుకోవడం పది నిమిషాల పని.

ఇంకో తమాషా ఏమిటంటే అంకెలు తారుమారవడం. హైదరాబాద్ అక్షాంశం 17.4, రేఖాంశం 78.5 చుట్టూ ఉంటుంది. రెండూ అటుదిటు అయితే షాపు తిన్నగా ఆర్కిటిక్ సముద్రంలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. మ్యాప్ మొత్తం ఒక్కసారి జూమ్ అవుట్ చేసి చూస్తే మంచు దేశంలో ఎన్ని కిరాణాలు తెరిచామో తెలిసిపోతుంది. కొత్త డేటా వేసిన ప్రతిసారీ నేను చేసే మొదటి పని అదే.

ఈ మధ్య ఒక కాలమ్ కూడా చేర్చాను. తపాలా శాఖ మన ఐఐటీ హైదరాబాద్, ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి తెచ్చిన డిజిపిన్. దేశమంతటినీ దాదాపు 4 మీటర్ల గడులుగా విడదీసి ఒక్కో గడికి 10 అక్షరాల కోడ్ ఇచ్చారు. అక్షాంశ రేఖాంశాలుంటే చాలు, ఎవరినీ అడగక్కర్లేకుండా మనమే లెక్కగట్టుకోవచ్చు. షాపులవాళ్లెవరూ ఇంకా దాన్ని అడగలేదు. ఒకే షాపు రెండు పేర్లతో ఎక్కితే పట్టుకోవడానికి మాత్రం నాకు పనికొస్తోంది.

ఇక విశ్లేషణ. కొత్తవాళ్లందరూ తట్టుకునే రాయి ఒకటుంది. గోడౌన్ చుట్టూ మూడు కిలోమీటర్ల వలయం గీద్దామని బఫర్ అనే వలయాలు గీసే పనిముట్టులో 3 అని కొడతారు. ఫోన్ నుంచి వచ్చిన డేటా డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి అది 3 డిగ్రీలు అనుకుంటుంది. డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. అమీర్‌పేటలో మొదలైన వలయం విజయవాడ కూడా దాటిపోతుంది! లేయర్‌ను ముందు ఈపీఎస్‌జీ 32644 అనే కోడ్ ఉన్న పద్ధతికి, అంటే భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎంలో 44వ జోన్‌కి మార్చుకుంటే అన్నీ మీటర్లలోకి వస్తాయి. హైదరాబాద్ వరకు ఇది చాలు. 78 డిగ్రీల రేఖాంశానికి పడమట ఉన్న వికారాబాద్, తాండూరు, జహీరాబాద్ 43వ జోన్‌లోకి వస్తాయి, అటువైపు బీట్లున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

వలయం సరిగ్గా గీసినా హైదరాబాద్‌లో దాంతో ఒరిగేది తక్కువ. మూసాపేట, బోరబండ మ్యాప్‌లో పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఎంఎంటీఎస్ పట్టాలు. హుస్సేన్ సాగర్‌కు ఈ ఒడ్డున గోడౌన్ ఉంటే అవతలి ఒడ్డు షాపులు వలయంలోకి వస్తాయి, మన వ్యాను మాత్రం సాగర్ మీదుగా పోదు కదా. దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020 సెప్టెంబర్‌లో తెరిచేదాకా జూబ్లీహిల్స్ వైపు నుంచి అవతలికి పోవాలన్నా చుట్టు తిరుగుడే. అందుకే నేను వలయాలు మానేసి ఓఆర్‌ఎస్ టూల్స్ అనే ప్లగిన్, అంటే క్యూజీఐఎస్‌కు అదనంగా తగిలించుకునే పనిముట్టు, పట్టుకున్నాను. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌వాళ్ల ఓపెన్‌రూట్‌సర్వీస్‌కు అది మన ప్రశ్న పంపి, రోడ్డు మీద ఇరవై నిమిషాల్లో చేరగలిగే ప్రాంతాన్ని ఆకారంగా గీసి ఇస్తుంది. రిజిస్టర్ చేసుకుంటే ఉచితమే, రోజుకిన్ని అని పరిమితి ఉంటుంది, మా అవసరానికి అది ఎక్కువే.

ఆ ఆకారం చూస్తే ఊరి అసలు రూపం బయటపడుతుంది. ఫ్లైఓవర్లూ ఔటర్ రింగ్ రోడ్డూ ఉన్న వైపు వేళ్లలా చాచుకుని వెళ్తుంది, పట్టాలూ చెరువూ అడ్డొచ్చిన చోట కత్తిరించినట్టు ఆగిపోతుంది. మా రెండు గోడౌన్ల మధ్య కొన్ని కాలనీలు అటు నుంచి ఇటు మారాయి, డీజిల్ ఖర్చులో తేడా మా అకౌంటెంట్‌కు కూడా కనబడింది. దీనికి ట్రాఫిక్ తెలియదు, అదొక్కటే లోటు. సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఏమవుతుందో హైడెల్‌బర్గ్ సర్వర్‌కు ఏం తెలుసు? అది ఇరవై అంటే మా డ్రైవర్లు ముప్ఫై అయిదు అంటారు, నేను డ్రైవర్ల మాటే రాసుకుంటాను.

హద్దుల డేటా గురించి ఒక హెచ్చరిక. నెట్‌లో దొరికే తెలంగాణ జిల్లాల ఫైళ్లలో సగం పాతవే. పది జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. కూకట్‌పల్లి ఇంకా రంగారెడ్డి జిల్లాలోనే కనబడుతోందంటే ఆ ఫైలు పక్కన పడేయండి. జనాభా లెక్కలేమో 2011వి, పాత జిల్లాల లెక్కన. జనాభాను బట్టి షాపులు ఎక్కడ తక్కువున్నాయో చూద్దామంటే ఈ రెంటినీ ముడిపెట్టడానికే రోజులు పడతాయి, అంత చేసినా వచ్చేది అంచనానే. శివార్లలో ఆ తర్వాత లేచిన అపార్ట్‌మెంట్లు ఆ లెక్కల్లో లేవు. నేనైతే జనాభా జోలికి పోకుండా, ఏ కాలనీలో షాపుకు సగటు బిల్లు ఎంతో చూసుకుంటాను.

మొత్తం దేశం మ్యాప్ బ్రోచర్‌లోనో బ్యాంకుకిచ్చే ప్రెజెంటేషన్‌లోనో వేసేవాళ్లు సర్వే ఆఫ్ ఇండియా హద్దులే వాడాలి. ఆ సంస్థ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఉచితంగానే దొరుకుతాయి. విదేశీ మ్యాపుల్లో కశ్మీర్ గీత వేరేలా ఉంటుంది, తప్పు హద్దులతో ప్రచురిస్తే 1961 నాటి చట్టం కింద నేరం. బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీవాళ్ల మ్యాపుల సైటు భువన్ లేయర్లను కూడా క్యూజీఐఎస్‌లోకి తెచ్చుకోవచ్చు, చెరువుల కోసం నేను అప్పుడప్పుడూ వాడతాను.

పంచుకోవడం దగ్గర క్యూజీఐఎస్ వెనకబడే ఉంది. లింకు పంపితే అవతలివాడి ఫోన్‌లో తెరుచుకునే ఏర్పాటు దానంతట దానికి లేదు. నేను అట్లాస్ అనే సౌకర్యంతో బతుకుతున్నాను. ఒక పేజీ నమూనా చేసుకుంటే బీట్‌కొక పేజీ చొప్పున అన్నీ ఒకేసారి పీడీఎఫ్‌గా వచ్చేస్తాయి, వాట్సాప్‌లో ఎవరిది వాళ్లకు పంపుతాను. షాపుల పేర్లు తెలుగులో వేసినా ఒత్తులు చెదరకుండా పడతాయి. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ ఫైలుగా తీసేటప్పుడు యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతి ఎంచుకుంటేనే సుమా, లేకపోతే అన్నీ ప్రశ్నార్థకాలే.

మ్యాప్ డేటా దాచుకునే ఫైళ్ల విషయంలో షేప్‌ఫైల్ అనే పాత రకాన్ని వదిలించుకోండి. అది ఒక ఫైలు కాదు, కనీసం మూడు ఉంటాయి. ఎవరో ఒకరు వాటిలో ఎస్‌హెచ్‌పీ ఒక్కటే వాట్సాప్‌లో పంపి, తెరుచుకోవట్లేదేంటని మననే అడుగుతారు. కాలమ్ పేరు ఇంగ్లిష్‌లో 10 అక్షరాలు దాటనివ్వదు, తెలుగులో పెడితే రెండు మూడు అక్షరాలకే తెగిపోతుంది. జియోప్యాకేజ్ అనే ఇంకో రకంలో ఈ గోలేమీ లేదు, ఎన్ని లేయర్లున్నా ఒకటే ఫైలు. దాన్ని ఆఫీసు నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరు ఒకేసారి తెరిచి మార్పులు చేయడం మాత్రం వద్దు. ఇద్దరు ముగ్గురు రాసే పరిస్థితి వస్తే పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్ పెట్టుకోవాలి. అదీ ఉచితమే, పెట్టడానికి తెలిసిన మనిషి కావాలి.

విసుగు తెప్పించేవీ ఉన్నాయి. మెనూలు కొల్లలు, ఒకే పనికి నాలుగు దారులు. పెద్ద పని మధ్యలో ఎప్పుడైనా ఉన్నట్టుండి మూసుకుపోతుంది, సేవ్ చేసుకునే అలవాటు లేనివాళ్లకు అలవాటవుతుంది. కొత్త వెర్షన్‌కు మారితే ఏదో ఒక ప్లగిన్ మొరాయిస్తుంది. అందుకే ఎల్‌టీఆర్ అని రాసి ఉన్న దీర్ఘకాలిక వెర్షన్‌నే వాడతాను, కొత్త ఎల్‌టీఆర్ వచ్చినా కొన్ని నెలలాగి మారతాను. ఫోన్ చేసి అడగడానికి కస్టమర్ కేర్ ఉండదు.

రోజూ వ్యాన్లు ఏ వరసలో తిరగాలో తేల్చే పని దీనికి అప్పజెప్పకండి. చేయించవచ్చు గానీ పొద్దున్నే ఏడింటికి ఆర్డర్లు వచ్చి ఎనిమిదింటికి వ్యాను కదలాల్సిన చోట అంత తతంగం కుదరదు. దానికి డబ్బు పెట్టి వేరే డెలివరీ యాప్ తీసుకోవడమే మేలు. మా దగ్గరైతే డ్రైవర్ల బుర్రే ఆ పని చేస్తోంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్క బీట్‌తో మొదలుపెట్టండి. ఆ బీట్ షాపుల లొకేషన్లు తెప్పించి, ముందు మై మ్యాప్స్‌లో వేసి సేల్స్‌మన్‌కు చూపించండి. అతను చుక్కలు చూసి ఇది ఇక్కడ లేదు, అది మూతపడింది అని సరిదిద్దుతాడు. ఆ సరిదిద్దిన జాబితా చేతికొచ్చాకే క్యూజీఐఎస్ డౌన్‌లోడ్ చేయండి. ఫైలు దాదాపు 1 జీబీ ఉంటుంది, ఆఫీసు వైఫై ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకోండి.