డిటర్మినర్ల కార్డుల పెట్టె: మూడేళ్లు వాడాక

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు డిటర్మినర్లు, అంటే ఇంగ్లీషులో నామవాచకానికి ముందొచ్చే 'ఎ', 'ద', 'దిస్', 'మై' లాంటి మాటలు, చెప్పడానికి బడిలోనే చేసుకునే టీఎల్‌ఎం (బోధనాభ్యసన సామగ్రి) ఇది. 'ఎ', 'ఆన్' తేడాకీ, 'దిస్ బుక్స్' లాంటి తప్పులకీ ఇంతకంటే బాగా పనిచేసింది మాకు కనబడలేదు. 'ద' దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తుంది.

పెట్టెలో 80 కార్డులు. డిటర్మినర్లవి 32: 'ఎ', 'ఆన్', 'ద' నాలుగేసి; 'దిస్', 'దట్', 'దీజ్', 'దోజ్', 'సమ్', 'ఎనీ', 'మెనీ', 'మచ్' రెండేసి; 'మై', 'యువర్', 'హిజ్', 'హర్' ఒక్కొక్కటి. బొమ్మ కార్డులు 40: ఒక్కటే ఉన్న వస్తువులు 16, అవే మూడేసి ఉన్నవి 16, పాలు, నీళ్లు, బియ్యం, ఇసుక వంటివి 8. 'బిగ్', 'ఓల్డ్' లాంటి విశేషణాలు 8. కార్డు 8 సెంటీమీటర్ల వెడల్పు, 5 ఎత్తు. పాత పెళ్లిపత్రికల అట్ట సరిపోతుంది. నిగనిగలాడే లామినేషన్ వద్దు, కిటికీ వెలుగుకి వెనక బెంచీ వాళ్లకి అక్షరాలు కనబడవు.

వీటితోపాటు అడుగు పొడవు పట్టీ, దానికి వరసగా మూడు జేబులు: డిటర్మినర్‌కి, విశేషణానికి, నామవాచకానికి. మొదటి జేబు ఒక్క కార్డు మాత్రమే పట్టేంత బిగువుగా ఉండాలి. పెట్టెకి ప్రాణం ఈ జేబే. తెలుగులో 'నా ఈ పెన్ను' అంటాం కనక పిల్లలు ధైర్యంగా 'మై దిస్ పెన్' అనేస్తారు. రెండో కార్డు దూరకపోతే ఇంక వివరించే పనుండదు.

బొమ్మ కార్డు ముందు పెట్టించి, డిటర్మినర్ తర్వాత వెతికించాలి. వరస తిరగబడితే ఊహించడమే మిగులుతుంది. 'ఈ పుస్తకం', 'ఈ పుస్తకాలు' రెంటికీ మనకి 'ఈ' ఒక్కటే కాబట్టి 'దీజ్' అవసరం పిల్లలకి తట్టదు. మూడు పుస్తకాల బొమ్మ ముందే కళ్లెదురుగా ఉంటే 'దిస్' కార్డు తీసిన చెయ్యి మధ్యలోనే ఆగిపోతుంది. దగ్గర–దూరం తేడా మాత్రం కార్డుతో రాదు. వస్తువుని కిటికీ దగ్గర పెట్టి వేలితో చూపించాల్సిందే.

'ఎ', 'ఆన్' విషయంలో తెలుగు లిపే పెద్ద ఆస్తి. ఏ, ఈ, ఐ, ఓ, యూ అక్షరాల ముందు 'ఆన్' అని బట్టీ పట్టించిన పిల్లలు 'ఆన్ యూనిఫామ్', 'ఎ అవర్' అని రాస్తారు. అదే మాటని తెలుగులో రాయించండి. అచ్చుతో మొదలైతే 'ఆన్', హల్లుతో అయితే 'ఎ'. అవర్ అచ్చు, యూనిఫామ్ హల్లు, వన్ రుపీ కాయిన్ హల్లు, ఎమ్మెల్యే అచ్చు. అన్నీ సరిగ్గా కుదురుతాయి.

కుదరనిచోట తప్పు సూత్రానిది కాదు, మన పలుకుబడిది. ఎగ్‌ని 'యెగ్' అనే పిల్లవాడు 'ఎ యెగ్' అంటాడు. యెల్లోని 'ఎల్లో' అనీ, వుమన్‌ని 'ఉమన్' అనీ పలికితే రెంటికీ 'ఆన్' తగిలిస్తారు. చెవికీ, ఏడాదికీ మనం 'ఇయర్' అనే అంటాం; మొదటిదానికి 'ఆన్', రెండోది 'యియర్' కనక 'ఎ'. ఈ ఐదు మాటలూ ముందు పలికించి, తర్వాతే రాయించాలి. మధ్య జేబు పనికొచ్చేది కూడా ఇక్కడే: 'ఆన్ ఎగ్' మధ్యలో 'బిగ్' చేరితే 'ఎ బిగ్ ఎగ్' అవుతుంది. చూడాల్సింది నామవాచకాన్ని కాదు, పక్కనున్న మాటని. ఈ సంగతి నోటితో పదిసార్లు చెప్పినా ఎక్కదు, కార్డు జరిపితే ఒక్కసారికే ఎక్కుతుంది.

'మెనీ', 'మచ్' దగ్గర ఓ చిక్కుంది. 'ఎన్ని' అయితే 'మెనీ', 'ఎంత' అయితే 'మచ్' అని చెప్పడం సులువే, ఇసుకకీ ఉప్పుకీ పనిచేస్తుంది కూడా. కానీ పాలు, నీళ్లు, బియ్యం తెలుగులో బహువచనాలు. 'ఎన్ని పాలు పొయ్యాలి?' అని ఇంట్లో రోజూ వినే పిల్ల 'మెనీ మిల్క్' అనడంలో ఆశ్చర్యం లేదు. ఈ మూడింటినీ విడిగా తీసి, 'ఒకటి, రెండు అని లెక్కపెట్టగలవా?' అని అడగడమే దారి. ఇంకో సంగతి, పాల బొమ్మని గ్లాసులో గీయకండి. పిల్లలు గ్లాసుని లెక్కపెట్టి 'ఎ మిల్క్' అంటారు. పోస్తున్న ధార గీస్తే ఆ తప్పు తగ్గింది.

'సమ్', 'ఎనీ' కార్డులు పర్వాలేదు. ప్రశ్నలో 'ఎనీ' అనే సూత్రం 'వుడ్ యూ లైక్ సమ్ వాటర్?' దగ్గర తప్పుతుంది కాబట్టి, ఏదైనా ఇవ్వజూపేటప్పుడు 'సమ్' అని విడిగా చెప్పుకోవాలి.

ఇక 'ద'. దాన్ని 'ఆ' అని అనువదించి చెప్పడమే అసలు తప్పు. 'ద సన్' అంటే 'ఆ సూర్యుడు' కాదు కదా. కార్డులు పక్కనపెట్టి గుడ్డసంచిలో మూడు పెన్నులు, ఒక రబ్బరు వెయ్యండి. 'గివ్ మీ ఎ పెన్' అంటే ఏదైనా ఇవ్వొచ్చు. 'గివ్ మీ ద పెన్' అంటే 'ఏది?' అని ఎదురు ప్రశ్న రావాలి. 'గివ్ మీ ద ఇరేజర్' అంటే ఆ ప్రశ్నే రాదు. ఎదుటివాడు 'ఏది?' అని అడగనక్కర్లేనిచోట 'ద'. దీంతో చాలావరకు గట్టెక్కుతారు, 'ద హైదరాబాద్' అని రాయడం మాత్రం మానరు. నదికి 'ద కృష్ణా', పక్క బెంచీలో కూర్చున్న కృష్ణకి ఏమీ ఉండదు అని చెబితే నవ్వుకుని గుర్తుపెట్టుకుంటారు.

తయారుచేసేటప్పుడు రంగుల దగ్గర జాగ్రత్త. 'ఆన్' కార్డూ, ఆపిల్ కార్డూ ఒకే రంగులో ఉంటే పిల్లలు రంగులే జతచేస్తారు. డిటర్మినర్లన్నీ ఒక రంగు, బొమ్మలన్నీ తెలుపు. నలుగురికో పట్టీ, రోజుకి 15 నిమిషాలు చాలు. 'ఎ', 'ఆన్' కార్డులు అన్నిటికంటే ముందు నలిగిపోతాయి, అవి చెరో నాలుగు అదనంగా కత్తిరించి ఉంచుకోండి.