కుడి ఆల్ట్‌తో మిడిల్ క్లిక్: ఎక్స్‌మోడ్‌మ్యాపా, కీడీనా?

లినక్స్‌లో సెలెక్ట్ చేసిన టెక్స్ట్‌ను మిడిల్ క్లిక్‌తో పేస్ట్ చేసే అలవాటున్నవాళ్లకి, విడి బటన్లు లేని టచ్‌ప్యాడ్ పెద్ద చిరాకు. ఖాళీగా పడి ఉండే కుడి ఆల్ట్‌కి ఆ పని అప్పగించేయొచ్చు. కీల పనిని మార్చే రెండు టూల్స్, ఎక్స్‌మోడ్‌మ్యాప్, కీడీ, ఇందుకు పనికొస్తాయి.

ఎక్స్‌మోడ్‌మ్యాప్ పాత దారి. కీకోడ్ 108కి (అంటే కుడి ఆల్ట్‌కి) పాయింటర్ బటన్ 2 (మిడిల్ క్లిక్) అని రాయాలి. అంతటితో క్లిక్ పడదు, మౌస్ కీస్ (కీబోర్డ్‌తో మౌస్‌ను నడిపే సదుపాయం) కూడా ఆన్ చేయాలి. రూట్ (అడ్మిన్) అనుమతి అక్కర్లేదు కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. కానీ ఇది పాత డిస్‌ప్లే వ్యవస్థ ఎక్స్ కోసం చేసింది, దాని స్థానంలో వస్తున్న వేలాండ్ సెషన్‌లో దీన్ని నమ్ముకోలేం.

కీడీ ఇంకా కింది స్థాయిలో, కెర్నెల్ కీ నొక్కులను అందించే ఈవీడెవ్ దగ్గరే నొక్కును పట్టుకుని, వర్చువల్ పరికరాలను సృష్టించే యూఇన్‌పుట్ ద్వారా క్లిక్‌గా పంపుతుంది. అందుకే దానికి ఎక్స్ అయినా వేలాండ్ అయినా ఒకటే. కాన్ఫిగ్ ఫైల్ మెయిన్ విభాగంలో ‘రైట్‌ఆల్ట్ = మిడిల్‌మౌస్’ అన్న ఒక్క లైను చాలు (ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి). రూట్ మాత్రం తప్పదు. ఏదైనా తేడా కొట్టి కీబోర్డ్ మొరాయిస్తే బ్యాక్‌స్పేస్, ఎస్కేప్, ఎంటర్ కలిపి నొక్కండి, కీడీ ఆగిపోతుంది.

దీనికో మెలిక ఉంది. కీడీ సృష్టించే వర్చువల్ కీబోర్డ్ ల్యాప్‌టాప్‌ సొంతదని లిబ్‌ఇన్‌పుట్‌కి (కీబోర్డ్, టచ్‌ప్యాడ్‌లను చూసుకునే లైబ్రరీ) తెలియదు, కాబట్టి టైప్ చేసేటప్పుడు టచ్‌ప్యాడ్‌ను ఆపదు. దాంతో టైప్ చేస్తుంటే అరచెయ్యి తగిలి కర్సర్ ఎటో గెంతుతుంది. పరికరాల ప్రత్యేకతలు రాసే లిబ్‌ఇన్‌పుట్ క్విర్క్స్ ఫైల్లో ఆ వర్చువల్ కీబోర్డ్‌ను ‘ఇంటర్నల్’ అని రాస్తే సరి. ఇంత తతంగమున్నా నా ఓటు కీడీకే.